నా పేరుతో అచ్చయిన విమానం

ఎత్తున పోయే విమానాన్ని ఫొటో తీయాలనుకునేవాళ్ళకు నేను చెప్పే మొదటి మాట ఒకటే. మోత వినబడిన వైపు చూడకండి. మోత మన చెవిన పడేసరికి విమానం అక్కడ ఉండదు, చాలా ముందుకు వెళ్ళిపోయి ఉంటుంది. అది పోయే దిక్కుగా ఆకాశంలో జానెడు దూరం చూపు జరపండి. అక్కడ చిన్న వెండి ముక్కలా మెరుస్తూ దొరుకుతుంది.

మార్కాపురంలో ఈమధ్య కొందరు కొత్తవాళ్ళు పెద్ద జూమ్ కెమెరాలు కొన్నారు. లెన్సులు మార్చే పని లేకుండా, ముందున్న గొట్టమే సాగి కొండ అవతలిదాన్ని కూడా ముంగిట్లోకి లాక్కొచ్చే రకం. వాటితో చంద్రుణ్ణి తీస్తారు, పిట్టల్ని తీస్తారు, ఆఖరికి విమానాల మీద పడతారు. బొమ్మ మసకబారినప్పుడు నా దగ్గరికి వస్తారు. నేను నేర్పుతాను. కానీ దానితోపాటు ఒక సంగతి కూడా వినమంటాను. వినే ఓపిక ఎవరికీ ఉండటం లేదు, సగంలో ఫోను చూసుకుంటారు. నాకు అది కూడా గుర్తుంటుంది. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను.

నేను మార్కాపురంలో ఒక స్టూడియో నడిపాను. దానితోపాటే చాలా ఏళ్ళు ఒక దినపత్రికకు ఈ ప్రాంతపు ఫొటోగ్రాఫరుగా పనిచేశాను. గిద్దలూరులో రైలు ఆగిపోయినా, కనిగిరిలో సంతలో గొడవైనా బండేసుకుని పోవడమే. ఆ పనిలో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. "ఏయ్ ఫొటో, ఇట్ల రా" అని పిలిచేవాళ్ళు. విలేకరుల సమావేశాల్లో రాసేవాళ్ళందరికీ కుర్చీలు వేసి నన్ను గోడకు ఆనుకోమనేవాళ్ళు. ఒక నాయకుడి ఇంట్లో అందరికీ టీ ఇచ్చి నా దగ్గరికి వచ్చేసరికి ఖాళీ పళ్ళెం తీసుకుని లోపలికి పోయారు. ఆయన తర్వాత రెండు పార్టీలు మారాడు. నేను మాత్రం ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కలేదు.

అన్నిటికన్నా పెద్ద బాధ వేరే. జిల్లా కేంద్రంలో తీసిన ఫొటోల కింద తీసినవాళ్ళ పేరు వేసేవాళ్ళు. మావాటి కింద వేసేవాళ్ళు కాదు. ఎందుకు వేయరని అడిగితే స్థలం చాలదన్నారు. నా పేరు ఎంత స్థలం పడుతుందో అచ్చులో కొలిచి చూపించాను. నవ్వారు. సంపాదకుడికి రాశాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను. మా మార్కాపురం ఇన్‌చార్జి విలేకరి నన్ను పక్కకు పిలిచి, నీ పేరు జనానికి ఎందుకన్నా, బొమ్మ చూస్తారుగానీ అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. కానీ తన వార్త కింద తన పేరు ఒక్క అక్షరం తప్పు పడినందుకు అతను రెండు రోజులు అన్నం సరిగ్గా తినకపోవడం నేను చూశాను.

ఆ రోజుల్లోనే నా సొంతానికి జూమ్ కెమెరా కొన్నాను. తోటి ఫొటోగ్రాఫర్లు దాన్ని చూసి, "దూరం నుంచి తీస్తే కుర్చీ అడిగే పనిలేదులే అన్నా" అని ఎగతాళి చేశారు. పని లేని పొద్దుల్లో స్టూడియో మిద్దె మీదికెక్కి విమానాలు తీయడం మొదలుపెట్టాను. ఉత్తరం నుంచి మద్రాసు వైపు పోయేవి చాలావరకు మా మీదుగానే పోతాయి.

మొదట్లో అన్నీ పాడయ్యాయి. ఎందుకో తెలుసుకోవడానికి చాలా రోజులు పట్టింది. మీకు ఆ శ్రమ లేకుండా చెబుతాను. ముందే జూమ్ మొత్తం సాగదీసి ఆకాశంలో వెతికితే ఏమీ దొరకదు. వెడల్పుగా పెట్టి విమానాన్ని నడిమధ్యకు తెచ్చుకుని, అప్పుడు మెల్లగా లాగాలి. ఉత్త ఆకాశం మీద కెమెరా ఫోకస్ పట్టుకోలేక ముందుకూ వెనక్కూ తడుముకుంటుంది. దూరంగా ఉన్న కొండ మీదో, మబ్బు అంచు మీదో ఫోకస్ పట్టించి, బటన్ సగం నొక్కి పట్టుకునే విమానం వైపు తిప్పాలి. షట్టర్ వేగం బాగా పెంచాలి. తెల్లటి విమానం తెల్లగా కాలిపోకుండా వెలుతురు కాస్త తగ్గించాలి. నడినెత్తి మీద పోయేదానికి స్టాండు పనికిరాదు, గోడకు వీపు ఆనించి, మోచేతులు డొక్కలకు బిగించి, ఊపిరి బిగపట్టి వరసగా చాలా తీయాలి. మా దగ్గర ఎండ ముదిరాక అసలు ప్రయత్నించకండి. పలకల గనుల రాతి కుప్పల మీద నుంచి లేచే వేడికి బొమ్మంతా నీళ్ళలో చూసినట్టు కదులుతుంది.

ఇంకొక్కటి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. జూమ్ లాగేకొద్దీ దూరాలు అణిగిపోతాయి. మబ్బు ఎక్కడో కింద ఉంటుంది, విమానం దానికి ఎన్నో రెట్లు పైన ఉంటుంది. ఫొటోలో మాత్రం రెండూ ఒకదానికొకటి ఆనుకున్నట్టు పడతాయి. విమానం మబ్బులోకి దూరుతున్నట్టే ఉంటుంది.

నేను చెప్పబోయే ఫొటో సరిగ్గా అలాంటిదే.

అది వరసగా వానలు ఎగ్గొట్టిన కాలం. ముందటేడు పంట లేదు. ఆ ఏడు దుక్కులు దున్ని, మబ్బు వచ్చిన ప్రతిసారీ జనం ఇళ్ళలోంచి బయటికొచ్చి నిలబడేవాళ్ళు. మబ్బు నల్లమల వైపు నుంచి వచ్చి, మా మీదుగా ఊరికే నడిచిపోయేది. విమానాలతో మబ్బుల్లో మందు చల్లించి వాన కురిపిస్తారట, మేఘమథనం చేయిస్తారట అని ఒక మాట టీ బంకుల్లో తిరుగుతుండేది. ఎవరు చేయిస్తారో, ఎప్పుడో ఎవరికీ తెలియదు.

ఒకరోజు పొద్దున అర్ధవీడు వైపు కొండల మీద మంచి మబ్బు తునక లేచింది. దాని పక్కగా ఒక విమానం వెనక పొడుగాటి తెల్ల గీత గీసుకుంటూ పోయింది. తీశాను. బాగా వచ్చింది. రెక్కల కింద రెండు ఇంజన్లు, తోక మీద రంగు, అంతా కనబడుతోంది. చాలా ఎత్తున వెళ్తున్న ప్రయాణికుల విమానం, దాని వెనక గడ్డకట్టిన ఆవిరి గీత అని నేనే వివరంగా రాసి, పత్రిక పేజీలు కూర్చే డెస్కుకు పంపాను. పని లేని రోజు పేజీలో మూల నింపడానికి పనికొస్తుందనుకున్నాను.

మర్నాడు పొద్దున పేపరు విప్పి నేను నిలబడ్డచోటే నిలబడిపోయాను. మొదటి పేజీలో, పైన, నాలుగు కాలమ్‌ల వెడల్పున నా ఫొటో. దాని మీద పెద్ద అక్షరాలతో 'వచ్చేసింది మేఘమథన విమానం' అని ఉంది. కింద, అర్ధవీడు కొండల మీద మబ్బుల్లో మందు చల్లుతున్న విమానం అని ఉంది. ఆ వాక్యం చివర నా పేరు. ఇంటిపేరుతో సహా, ఒక్క తప్పు లేకుండా.

ఇన్నేళ్ళుగా అడిగిన పేరు అది. ఎన్నో ఫొటోల కింద ఉండాల్సింది ఆ ఒక్కదాని కింద వచ్చింది.

డెస్కుకు ఫోను చేశాను. పేజీ చూసే ఉపసంపాదకుడు నాకన్నా చాలా చిన్నవాడు. అతను చల్లగా మాట్లాడాడు. మీరు రాసింది వార్తలా లేదన్నా, జనం వాన కోసం చూస్తున్నారు కదా అన్నాడు. సవరణ వేయమన్నాను. చూద్దామన్నాడు. నేను వదలకపోయేసరికి, "మీ పేరు కూడా వేశాం కదన్నా, ఇంకేం కావాలి మీకు" అన్నాడు. ఆ మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

ఇన్‌చార్జి విలేకరి దగ్గరికి వెళ్ళాను. అతను పేపరు మడిచి చంకలో పెట్టుకుని, "వాన పడితే నీకే పేరు. పడకపోతే ఎవురికి గుర్తుంటాదన్నా" అన్నాడు.

నేను స్టూడియోకు తిరిగొచ్చి తాళం తీస్తుండగానే ఫోను మోగింది. అర్ధవీడు దగ్గర ఒక పల్లెలో గొర్రెలు కాచుకుంటూ, కొంచెం మెట్ట సేద్యం చేసుకునే ఒక మనిషి. అంతకుముందు అతని గొర్రెల బీమా కోసం వెళ్ళి, ఒక్కో గొర్రెనూ చెవికి వేసిన బిళ్ళ కనబడేటట్టు పట్టించి ఫొటోలు తీశాను. మొత్తం మంద అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. వాళ్ళ అమ్మ నాకు రాగి సంగటి పెట్టింది. పీట వేసి కూర్చోబెట్టి పెట్టింది. ఆ ఇల్లు నేను మరిచిపోలేదు.

"అన్నా, నీ ఫొటో చూసినాము. నీ పేరు చూసి మా అమ్మకు నేనే చదివి వినిపించినాను" అన్నాడు. గొంతులో సంతోషం. "ఇత్తనం బయటికి తీసినాము. రేపు పొద్దున ఇత్తుతాండాము. పైపొలాలోళ్ళు ఈ పొద్దే మొదలుపెట్టినారు."

దుక్కిలో తడి లేకుండానే విత్తుతున్నారన్నమాట. రెండు మూడు రోజుల్లో వాన పడితే ఆ పంట అందరికన్నా ముందుంటుంది. పడకపోతే విత్తనం మట్టిపాలు. అతని దగ్గరున్న కంది విత్తనం రెండేళ్ళ కిందట పండినప్పుడు దాచింది. ముందటేడు పంటే రాలేదు కాబట్టి ఆ ఊళ్ళో ఎవరి దగ్గరా అదనంగా లేదు. అది పోతే గొర్రెలు అమ్మేసి తల్లినీ పెళ్ళాన్నీ తీసుకుని ఇళ్ళు కట్టే బేల్దారి పనికి వలస పోవాల్సిందేనని అతనే నాకు ఒకసారి చెప్పాడు.

అది మామూలు విమానమని, పేపర్లో తప్పు రాశారని ఫోనులో ఎంత చెప్పినా అతను నమ్మలేదు. పైగా నవ్వాడు. "తెలుసులే అన్నా. బయటికి చెప్పొద్దని పైనుంచి అని ఉంటారు నిన్ను. మేము ఎవురికీ చెప్పములే." నేను కాదన్నకొద్దీ అతనికి నమ్మకం పెరిగిపోయింది. నా మాటను కొట్టిపారేసింది నా పేరే.

మర్నాడు తెల్లారగానే కెమెరా మెడలో వేసుకుని కంభం మీదుగా ఆ ఊరికి బండి తోలాను. సవరణ వస్తుందేమోనని కంభంలో పేపరు కొని చూశాను. రాలేదు. నా పేరూ లేదు.

నేను చేరేసరికి చేను గట్టు మీద జనం ఉన్నారు. ట్రాక్టరుకు విత్తే గొర్రు తగిలించి ఉంది. అతని తల్లి, నాకు సంగటి పెట్టిన అవ్వ, విత్తనం సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పొద్దున్నే ఇంట్లో పూజ చేసి, పసుపు కుంకుమ పెట్టి సంచిని గడప దాటించారు. విత్తడానికి వచ్చిన కూలి ఆడవాళ్ళు నలుగురైదుగురు పక్కన నిలబడి ఉన్నారు. వాళ్ళంతా ఊరి చివర చర్చి సందులో ఉండేవాళ్ళు. వాళ్ళలో పెద్దామె ఒకామె ఆ చేలో ఏటా పనిచేసేదే.

కొడుకు నన్ను చూసి, "చూడండి, ఫొటో తీసినాయన వచ్చినాడు" అన్నాడు. నాకు ట్రాక్టరు నీడలో కుర్చీ తెప్పించారు. ఇన్నేళ్ళలో నాకు అడగకుండా వచ్చిన కుర్చీ అదొక్కటే. నేను కూర్చోలేకపోయాను.

ఒక్క విమానం పోయేదాకా ఆగండి, కళ్ళతో చూసి ఆ తర్వాత మీ ఇష్టం అన్నాను. ఏ విమానం ఎప్పుడు ఏ ఊరి మీద పోతుందో ఫోనులో చూసే వీలుంది. మొన్న నేను తీసిన విమానం రోజూ దాదాపు అదే పొద్దుకు పోతుంది. ట్రాక్టరు డ్రైవరు ఇంజను ఆపాడు. మోత వచ్చింది. అందరూ మోత వైపు తలెత్తి వెతికారు. నేను వాళ్ళకు ముందుకు చూపించాను. ట్రాక్టరు చక్రానికి వీపు ఆనించి వెడల్పుగా పట్టి, మెల్లగా లాగి, వరసగా తీశాను. నా జీవితంలో అంత భయంగా ఏ ఫొటో తీయలేదు.

ఎండలో తెర మీద బొమ్మ కనబడదు. అవ్వ లేచి వచ్చి, తన కొంగు తీసి తన తల మీదా కెమెరా మీదా కప్పుకుంది. పాత కాలపు పెట్టె కెమెరాకు మేం నల్లగుడ్డ కప్పుకున్నట్టే. చాలాసేపు చూసింది.

"దీంట్లో మనుషులుండారా?" అంది కొంగు లోపలి నుంచి.

ఉన్నారన్నాను. మూడు నాలుగు బస్సులకు సరిపోయేంత మంది ఉంటారన్నాను. వెనక గీత మందు కాదని, ఇంజనులోంచి వచ్చిన ఆవిరి ఆ ఎత్తులో గడ్డకడుతుందని, మేఘమథనం చేసే విమానమైతే చిన్నదిగా ఉండి మబ్బు దగ్గరికి దిగి తిరగాలని నాకు తెలిసినంత చెప్పాను. ఆమె అదేమీ విన్నట్టు లేదు. కొంగు తీసి కొడుకు వైపు తిరిగింది.

"రేయ్, నువ్వు చేనుకు మందు కొట్టేటప్పుడు పెళ్ళివాళ్ళను బండిలో ఎక్కించుకోని పోతావా? నాలుగు బస్సుల జనాన్ని పెట్టుకోని మబ్బుకు మందు కొట్టను ఎవుడు పోతాడు?"

కూలి ఆడవాళ్ళు నవ్వారు. కొడుకు నవ్వలేదు. ఇది వేరే విమానం, మొన్నటిది వేరే అన్నాడు. కెమెరాలో మొన్నటి బొమ్మ, ఇవాళ్టి బొమ్మ పక్కపక్కన చూపించాను. అదే తోక, అదే రంగు. అతను రెండూ మార్చి మార్చి చూశాడు. తర్వాత నా ముఖం చూశాడు.

"అయితే పేపర్లో ఎందుకు ఏసినారన్నా? కింద నీ పేరు ఎందుకుండాది?"

నా తప్పు లేదు. ఆ రోజూ అదే అన్నాను, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఆ ప్రశ్నకు నేను చెప్పే ఏ జవాబూ అతనికి జవాబు కాదు. అందుకని వేసినవాళ్ళనే అడుగుదామని డెస్కుకు ఫోను కలిపి స్పీకరు పెట్టాను. ఉపసంపాదకుడే తీశాడు. ఆ ఫొటోకు మేఘమథనం అని ఎవరు చెప్పారని అడిగాను.

"ఎవరూ చెప్పలేదన్నా. మొదటి పేజీలో ఒక ఫొటో తగ్గింది. మీది బాగుంది. ఏదో ఒకటి రాయాలి కదా."

ఇక్కడ జనం దాన్ని నమ్మి విత్తనాలు వేస్తున్నారన్నాను.

అతను నవ్వాడు. "పేపరు చూసి విత్తనాలు వేసే పిచ్చోళ్ళు ఎవరుంటారన్నా ఈ రోజుల్లో. ఉంటే వాళ్ళ ఖర్మ."

నేను ఫోను ఆపేశాను. ఇంతమందీ విన్నారని అతనికి తెలియదు. తెలిసినా వేరేగా మాట్లాడి ఉండేవాడని నాకు నమ్మకం లేదు. కొడుకు చేలోకి నడిచి, ఒక మట్టిపెళ్ళ తీసి చేత్తో నలిపాడు. పొడి పొడిగా గాలికి పోయింది. తిరిగొచ్చి, "ఇంటికి పోదాం పదమ్మా" అన్నాడు.

అప్పుడు మొదలైంది అసలు చిక్కు. అవ్వ సంచి ఎత్తలేదు. పూజ చేసి గడప దాటించిన విత్తనం మళ్ళీ ఇంట్లోకి రాకూడదట. వస్తే ఆ ఇంట తిండిగింజ నిలవదని ఆమె అత్త కాలం నుంచి పట్టింపు. చుట్టూ ఉన్న వాళ్ళ బంధువుల ఇళ్ళలోనూ అదే పట్టింపు, ఒకరి గడప దాటిన విత్తనాన్ని ఇంకొకరు లోపలికి రానివ్వరు. గొర్రెల దొడ్డిలో పెడితే ఎలుకలు. చేలో పెడితే చీమలు, పిట్టలు. కొడుకు విసిగిపోయి, ఎట్లాగూ పోయేదే అయితే ఇత్తేద్దాం, నేలలోనే పోనీ అన్నాడు. డ్రైవరు ట్రాక్టరు ఎక్కాడు కూడా. నేను అంత దూరం వచ్చి, అంత చూపించి, విత్తనం ఒక గడప దగ్గర ఓడిపోతుందని అనుకోలేదు.

కూలికి వచ్చిన పెద్దామె ఒక అడుగు ముందుకేసింది. "మా ఇంట్లో పెట్టుకో అవ్వా. మేము ప్రార్థన చేసుకునేటోళ్ళం. మాకు గడప పట్టింపు లేదు."

ఇందాక నవ్విన ఆడవాళ్ళు తలలు తిప్పి ఆమె వైపు చూశారు. నేను ఆ ప్రాంతంలో ఎన్నో ఏళ్ళు తిరిగినవాణ్ణి. ఆ సందులో వాళ్ళు చేలో విత్తనం ముట్టుకోవడం వేరు, విత్తనం వాళ్ళ ఇంట్లో పెట్టడం వేరు. అది అక్కడున్న అందరికీ తెలుసు, ఆ మాట అన్నామెకు అందరికన్నా బాగా తెలుసు. కొడుకు తల వంచుకుని నెమ్మదిగా అన్నాడు.

"నాయన ఉంటే ఒప్పుకునేటోడా?"

"మీ నాయన పేపరు చూసి ఇత్తనం బయటికి తీసేటోడు కాదులే" అంది అవ్వ.

సంచి తనే చంకనెత్తుకుంది. ఊరి చివరికి నడిచింది. మేమంతా వెనకే. ఆ సందులోకి ఆమె అంతకుముందు ఎప్పుడూ రాలేదని, జనం వాకిళ్ళలోకి వచ్చి చూడటంలోనే తెలిసింది. ఇంటి ముందు ఆగి ఇచ్చేస్తుందనుకున్నాను. ఆ ఇంటామె కూడా అలాగే అనుకుని, లోపలికి పోయి రెండు చేతులూ బయటికి చాపింది. అవ్వ ఇవ్వలేదు. తల వంచి, కింద ఉన్న చూరు తప్పించుకుని, లోపలికి నడిచింది.

"చీమలు యాడుండాయో నేను చూసుకోవాల గదమే" అని లోపలి నుంచి వినబడింది.

చాలాసేపు బయటికి రాలేదు. అటక మీదా, మూలల్లోనూ వెతికి, ఎక్కడ పెట్టాలో ఇద్దరూ వాదించుకుని, చివరికి వేపాకు తెప్పించుకుని సంచి చుట్టూ పేర్చి వచ్చింది. బయటికొచ్చాక చేతులు దులుపుకుంటూ నన్ను, "సంగటి తిని పోతావా?" అని అడిగింది. ఆ రోజు జరిగినదంతా ఆమెకు ఒక ఎత్తు, నేను తినకుండా పోవడం ఇంకొక ఎత్తు అన్నట్టు అడిగింది.

పైపొలాలవాళ్ళ సంగతి చెప్పాలి. నేను ఆ ఊరికి వెళ్ళడానికి ఒక రోజు ముందే వాళ్ళు విత్తారు. వాన రాలేదు. చీమలూ పిట్టలూ తిన్నంత తిన్నాయి. మిగిలింది ఒక చిన్న జల్లుకు మొలిచి, ఎండకు మాడిపోయింది. వాళ్ళలో రెండు కుటుంబాలు ఇళ్ళకు తాళాలు వేసి వెళ్ళిపోయాయి. నేను వెళ్ళి ఆ చేలు ఫొటోలు తీసి, మన పేపరు చేసిన పని ఇది అని రాసి డెస్కుకు పంపాను. వేయలేదు. సంపాదకుడికి పంపాను. పత్రికల మీద ఫిర్యాదులు తీసుకునే చోటికి కూడా పంపాను. ఇన్‌చార్జి విలేకరి వచ్చి, పంటలు ఎండటం వార్తే, ఎందుకు ఎండాయో వార్త కాదన్నాడు. కొన్నాళ్ళకు నా ఫొటోలు తీసుకోవడం మానేశారు. మానేస్తున్నామని ఎవరూ చెప్పలేదు. ఇంకొకతను కెమెరాతో తిరగడం చూసి నేనే తెలుసుకున్నాను. రిటైరయ్యారు కదన్నా అని ఇప్పుడు అంటారు. నేను కాలేదు. నన్ను చేశారు. ఆ సవరణ ఇప్పటికీ పడలేదు, నేను అడగడమూ మానలేదు.

వాన ఆలస్యంగా పడింది, కానీ బాగా పడింది. గొర్రెలాయన ఫోను చేసి, రేపు ఇత్తుతాము రమ్మన్నాడు. వెళ్ళాను. విత్తనం సంచి చర్చి సందు నుంచి నేరుగా చేలోకి వచ్చింది. అవ్వ, ఆ ఇంటామె ఇద్దరూ చెరో చెవి పట్టుకుని తెచ్చారు. కొంత విత్తనం అవ్వే పైపొలాల్లో మిగిలినవాళ్ళకు చాటలో పోసి ఇచ్చింది. అది ఏ ఇంట్లో ఉండి వచ్చిందో వాళ్ళకు తెలుసు. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు.

వాన కడిగిన ఆకాశం అద్దంలా ఉంది. ఫొటోకు అంతకన్నా మంచి వెలుతురు ఉండదు. ట్రాక్టరు కదిలింది, గొర్రు వెనక ఇద్దరూ పక్కపక్కన నడుస్తూ తడి సాల్లోకి విత్తనం జారవిడుస్తున్నారు. పైన విమానం ఒకటి పోతోంది. దాన్ని చూడనైనా చూడలేదు నేను. కెమెరా ఆ ఇద్దరి మీదికి ఎత్తాను. అవ్వ నడక ఆపి, చేయి అడ్డం పెట్టింది.

"వద్దు నాయనా."

నేను ఇప్పుడు ఏ పేపరుకూ ఇవ్వడం లేదని, నా కోసమేనని అన్నాను.

"నువ్వు తీసేది నిజమే. నీ చేయి దాటినాక అది ఏమవుతాదో నీకే తెలవదు గదా" అంది. "దానికి మూత పెట్టి ఈ సంచి పట్టుకో. మా చేతులు ఖాళీ లేవు."

కోపం వచ్చింది. ఆ విత్తనం ఆ చేలో పడటానికి నేనూ కారణమే. ఆ మాట ఆమె ఒక్కసారైనా అనలేదు. నన్ను చిన్నబుచ్చిన ప్రతి ఒక్కరి మీదా ఎక్కడో ఒకచోట ఫిర్యాదు చేశాను, ఆమె మీద ఎక్కడ చేయాలో ఇప్పటికీ తెలియలేదు. లెన్సుకు మూత పెట్టాను. సంచి భుజాన వేసుకుని, వాళ్ళు చేయి చాపినప్పుడల్లా అందిస్తూ, ఆ చివరిదాకా సాలు వెంట నడిచాను.